'శుభ్రం' అనే మాటను చదవడం

మా ఇంటి స్నానాల గది కిటికీలో ఎప్పుడూ ఒక యాంటిసెప్టిక్ సీసా ఉండేది. ముట్టు ఆగి తలంటుకునే రోజున అమ్మ బక్కెట్టు నీళ్ళలో ఓ మూతెడు పోసి ఇచ్చేది. నీళ్ళు పాలలా తెల్లబడేవి. "లోపలిదాకా కడుక్కో" అనేది. లోపల అంటే ఎక్కడో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఇద్దరికీ ఆ చోటు పేరు 'అక్కడ', అంతే.

పెళ్ళయ్యాక ఆ అలవాటూ నాతోపాటే వచ్చింది. నెలకోసారిది రోజూ అయింది. దురద పెట్టినా, వాసన వేసినా ఇంకో మూత ఎక్కువ పోసుకున్నాను. ముప్ఫై నాలుగో ఏట ఓ డాక్టరమ్మ "ఏం పెట్టి కడుగుతున్నావమ్మా?" అని అడిగేదాకా, మందనుకుంటున్నదే జబ్బుని పెంచుతోందేమోనన్న అనుమానం రాలేదు. కాలేజీలో సాహిత్యం చెప్పేదాన్ని. రాసిన మాట వెనక రాయని మాటని వెతకమని పిల్లలకి చెప్పేదాన్ని. 'శుభ్రం' అన్న ఒక్క మాటని మాత్రం నేను చదవలేదు.

అందుకే ఆండ్రియా టోన్ రాసిన 'డివైసెస్ అండ్ డిజైర్స్' (2001) నన్నంతగా కుదిపేసింది. అమెరికాలో గర్భనిరోధక సాధనాల చరిత్ర అది. అందులో లైసాల్ కథ ఉంది. మనం నేల తుడవడానికి వాడే ఫినాయిల్ లాంటి క్రిమిసంహారిణి లైసాల్. 1920ల నుంచి 1950ల దాకా దాన్ని నీళ్ళలో కలిపి యోనిలోకి పిచికారీ చేసుకోమని అక్కడి ఆడవాళ్ళ పత్రికల్లో ప్రకటనలు వచ్చాయి. ఇలా కడుక్కోవడాన్నే డూషింగ్ అంటారు. 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం వల్ల గర్భనిరోధకాలని బాహాటంగా ప్రచారం చెయ్యడం కష్టం. కాబట్టి కంపెనీలు 'ఫెమినైన్ హైజీన్' అనే ముసుగు మాట పట్టుకున్నాయి. పైకి స్త్రీల పరిశుభ్రత, లోపలి అర్థం గర్భం రాకుండా చూసుకోవడం. చదివేవాళ్ళకి ఆ అర్థం తెలుసు, అమ్మేవాళ్ళకీ తెలుసు. తేలేది ఒక్కటే - మందు పనిచెయ్యకపోతే ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు. గర్భం రాదని మేమెప్పుడన్నాం? శుభ్రం అన్నాం, అంతేగా!

పనిచెయ్యలేదు కూడా. 1933లో న్యూఆర్క్‌లోని ఒక మాతృ ఆరోగ్య కేంద్రం లెక్క చూస్తే, లైసాల్ వాడిన 507 మందిలో 250 మందికి గర్భం వచ్చింది. వీర్యకణాలు నిమిషాల్లోనే గర్భాశయ ముఖద్వారం దాటిపోతాయి. తర్వాత ఎంత కడిగినా ఏం లాభం? ఆనాటి లైసాల్‌లో క్రెసాల్ ఉండేది. చర్మాన్ని కాల్చే రసాయనం. 1911 నాటికే వైద్యులు 193 లైసాల్ విషప్రయోగ కేసుల్నీ, గర్భాశయాన్ని దాంతో కడుక్కోవడం వల్ల అయిదు మరణాల్నీ నమోదు చేశారని టోన్ రాస్తుంది. ప్రకటనల్లో భరోసా ఇచ్చిన యూరప్ మహిళా డాక్టర్ల గురించి అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఆరా తీస్తే, అలాంటి డాక్టర్లే లేరని తేలింది.

ఆ ప్రకటనల్ని కథలుగా చదివి చూడండి. ఇతివృత్తం ఒక్కటే. భర్త ముఖం తిప్పుకుంటాడు. భార్య మూసిన తలుపు దగ్గర ఏడుస్తుంది. తప్పెక్కడ? ఆమె ఒంట్లో. తనకి తెలియకుండానే తన దగ్గర్నుంచి ఏదో వస్తోంది. సీసా వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. ఈ కథలో భర్తకి ఒళ్ళు లేదు, వాసన లేదు. అతనికి ముక్కు మాత్రమే ఉంది.

నిజానికి డూషింగ్ మొదలైంది ఇలా కాదు. 1832లో చార్లెస్ నోల్టన్ అనే అమెరికన్ వైద్యుడు తన చిన్న పుస్తకంలో దాన్ని ఆడవాళ్ళ చేతిలో ఉండే గర్భనిరోధక పద్ధతిగా సూచించాడు. ఆ పుస్తకాన్ని 1877లో లండన్‌లో మళ్ళీ అచ్చువేసి అశ్లీలత కేసులో బోనెక్కింది ఎవరో కాదు, ఆ తర్వాత మన మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనిబిసెంటే. శిక్ష సాంకేతిక కారణంతో రద్దయింది గానీ, మరుసటి ఏడు కోర్టు ఆమె కూతుర్ని ఆమె నుంచి వేరుచేసింది. ఆ పద్ధతి పనికిరానిదే కావచ్చు. కానీ 'ఎప్పుడు కనాలో నేను తేల్చుకుంటాను' అనే కోరిక దాని వెనకుంది. అంగడి ఆ కోరికని దాచేసి, దాని స్థానంలో సిగ్గుని పెట్టింది. మాత్రలు వచ్చాయి, చట్టాలు మారాయి, అసలు అవసరం పోయింది. సిగ్గు మాత్రం మిగిలింది. 1995 జాతీయ సర్వేలో కూడా అమెరికన్ స్త్రీలలో నాలుగో వంతుకి పైగా, నల్లజాతి స్త్రీలలో సగానికి పైగా డూషింగ్ చేస్తున్నామన్నారు. ఎవరి ఒంటిని 'కంపు' అని ఎక్కువ అవమానించారో వాళ్ళే ఎక్కువ కడుక్కున్నారు.

ఇది అమెరికా గొడవ కదా అనుకోవడానికి లేదు. 2012లో మన టీవీల్లో 'క్లీన్ అండ్ డ్రై' అనే ఇంటిమేట్ వాష్ ప్రకటన వచ్చింది. పేపరు చదువుతూ భార్య కేసి చూడని భర్త. ఆమె స్నానం. తెర మీద నలుపు తెలుపయ్యే బొమ్మ. నవ్వుతూ తిరిగొచ్చిన భర్త. గొడవయింది, చాలామంది విమర్శించారు. ఇది పైన వాడేది, డూష్ కాదు. ఆ తేడా ముఖ్యమే. కానీ కథ చూడండి, మూసిన తలుపు బదులు పేపరు అడ్డం పెట్టారు. మన దగ్గర దానికి రంగు కూడా కలిపారు.

ఇంతకీ లోపల ఏముంది? లాక్టోబాసిల్లస్ అనే మేలుచేసే బాక్టీరియా ఉంది. అది లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తూ యోనిని 3.8 నుంచి 4.5 పిహెచ్ దగ్గర పుల్లగా ఉంచుతుంది. పెరుగు పుల్లబడే తీరే ఇది. ఆ పులుపులో హానిచేసే క్రిములు పెరగలేవు. మందునీళ్ళు పోస్తే ఆ కాపలా చెదురుతుంది. బాక్టీరియల్ వెజినోసిస్ వస్తుంది, వాసన వస్తుంది. వాసన వచ్చిందని మళ్ళీ కడుగుతాం! కటి భాగంలో వాపు, గర్భాశయం బయట గర్భం, నెలలు నిండని కాన్పు - వీటికీ డూషింగ్‌కీ సంబంధం ఉందని చాలా అధ్యయనాలు చూపించాయి. అయితే 2005లో వచ్చిన ఒక అధ్యయనం సుమారు 1200 మందిని కొన్నేళ్ళు గమనించి, కటి వాపుతో అలాంటి సంబంధం కనిపించలేదంది. జబ్బు వల్ల కడుగుతున్నారా, కడగడం వల్ల జబ్బా అని విడదీయడం కష్టం. అది దాచక్కర్లేదు. మేలు చేస్తుందని మాత్రం ఎవరూ రుజువు చెయ్యలేదు. అమెరికాలో స్త్రీల వైద్య నిపుణుల సంస్థ కూడా వద్దనే చెప్తోంది.

ఇక్కడ మన మాటల గురించి కూడా చెప్పుకోవాలి. తెలుగులో ఆడవాళ్ళు ఈ బాధంతా 'తెల్లబట్ట' అనే ఒక్క మాటలో పెడతారు. రోజూ సహజంగా ఊరే తేమా అదే, ఇన్ఫెక్షనూ అదే. ఎముకలు కరిగి పోతున్నాయని నమ్మి కుంగిపోయేవాళ్ళూ ఉన్నారు. జరిగేది ఒంట్లో, మనం మాట్లాడేది మాత్రం బట్ట గురించి. 'నీలిమేఘాలు' కవయిత్రులు ఒంటి మాటల్ని కవిత్వంలోకి తెచ్చినప్పుడు ఎంత గోల జరిగిందో మనకి గుర్తే. హైదరాబాదు మిత్రులు 'సవాలక్ష సందేహాలు' పుస్తకంలో ఈ సంగతుల్ని తేట తెలుగులో చెప్పారు. నా అలమరలో ఆ పుస్తకం ఉంది. అమ్మకి మాత్రం ఎప్పుడూ చదివి వినిపించలేదు. మీటింగుల్లో దేహరాజకీయాల గురించి మాట్లాడి, ఇంటికొచ్చి మూత కొలిచి పోసుకున్నదాన్ని నేను. మనకి చదవడం రాక కాదు, ఏది చదవాల్సిన పాఠమో గుర్తించకపోవడం వల్ల.

ఇంకో మాట. 'కడుక్కోవద్దు' అని చెప్పడంతో మన పని అయిపోదు. దురదతో వచ్చిన మనిషిని పరీక్ష చేసి, పేరుపెట్టి జబ్బు చెప్పే డాక్టరు కావాలి. అవసరమైతే భర్తకీ వైద్యం చెయ్యాలి. అవి అందనిచోట సీసాయే డాక్టరు. అమ్మ అజ్ఞానం అని నేను కొట్టిపారేస్తున్నది, ఇంకే దారీ లేనప్పుడు ఆమె కూతురికి ఇవ్వగలిగిన జాగ్రత్త.

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మతో ఇదంతా చెప్పాను. 'అక్కడ' అనకుండా యోని అనే చెప్పాను. అమ్మ కాసేపు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది.

"మరి దేంతో కడుక్కోవాలే?"

"ఉత్త నీళ్ళతో. పైపైన. లోపలిది అదే చూసుకుంటుందమ్మా."

"ఈ ముక్క మాకెవరూ చెప్పలేదు" అంది. కాసేపాగి, నా కేసి చూడకుండానే, "నీకు తెలిసి ఎన్నాళ్ళయిందే?" అని అడిగింది.

పన్నెండేళ్ళు. చెప్పడానికి సిగ్గేసింది. కానీ చెప్పాను.