“శుద్ధరాత్రి”లో మనము పాడని చరణము



క్రిస్మసు ముందురాత్రి “శుద్ధరాత్రి” పాడని సంఘము మన ప్రాంతములలో అరుదు. మీరు దానిని మూడు చరణములుగా ఎరుగుదురు: శిశువు నిద్ర, గొల్లలకు అందిన వార్త, దైవకుమారుని ముఖమందలి ప్రేమ. కాని కవి వ్రాసినవి ఆరు.

కవి యని అంటిని గదా, చాలకాలము ఈ పాటకు కవియే లేడనుకొనిరి. ఆస్ట్రియా దేశమందలి టిరోల్ కొండలనుండి చేతితొడుగులు అమ్ముకొనుటకు జర్మనీ సంతలకు వెళ్లిన స్ట్రాసర్ కుటుంబమువారు దీనిని అక్కడ పాడిరి. 1830 తరువాతి యేండ్లలో డ్రెస్డెన్ పట్టణమందు అచ్చయినప్పుడు అది టిరోల్ జానపద గీతముగానే వెలువడెను. కర్త పేరు లేదు. పాట గొప్పదైనందున కొందరు గొప్ప సంగీతవిద్వాంసుల పేళ్లు దానికి తగిలించిరి. 1854లో బెర్లిన్ రాజాస్థాన గాయకులు, ఇది మిఖాయేల్ హైడన్ కృతియా అని సాల్జ్‌బర్గ్ పట్టణమునకు వ్రాసి అడిగిరి.

ఆ ప్రశ్న ఫ్రాంజ్ గ్రూబర్ చెవిని పడెను. ఆయన ఒకప్పుడు పల్లె బడిపంతులు. ఆ సంవత్సరము డిసెంబరు 30న ఆయన వ్రాసియిచ్చిన సాక్ష్యమిది: 1818 డిసెంబరు 24న ఓబెర్న్‌డార్ఫ్ గ్రామములో సహాయగురువగు యోసేఫు మోర్ తనకొక పద్యమిచ్చి రాగము కట్టుమనెను, ఆ రాత్రియే ఇద్దరును గిటారుతో దానిని పాడిరి. ఎలుకలు ఆర్గను తిత్తులు కొరికివేయుటచేత ఈ పాట పుట్టెనని మీరు ప్రసంగములలో వినియుందురు. నేనును నమ్మి చెప్పినవాడనే. గ్రూబర్ వ్రాతలో ఎలుకలు లేవు, చెడిన ఆర్గనును లేదు.

మోర్ అప్పటికి లేడు. పెండ్లికాని పేద తల్లి అల్లికపనితో పెంచిన ఆ బిడ్డ గురువై, 1848లో పేదవాడుగానే మృతినొందెను. అయితే 1995లో ఆయన స్వహస్తప్రతి యొకటి బయలుపడెను. అందులో పద్యము 1816 నాటిదని యున్నది. అనగా ఇది పండుగనాడు తొందరలో అల్లినది కాదు.

ఈ రెండేండ్ల తేడా చిన్నదనుకొనకుడి. నెపోలియను యుద్ధములు 1815లో ముగిసెను. సాల్జ్‌బర్గ్ సీమ చేతులు మారి మారి 1816లో ఆస్ట్రియాకు చేరెను. ఒకే ఊరివలె బ్రతికిన లాఫెన్, ఓబెర్న్‌డార్ఫ్‌ల మధ్య పారు నది రెండు రాజ్యములకు సరిహద్దాయెను. 1815లో తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలైనందున మరుసటి యేట ఐరోపాలో వేసవియే సరిగా రాలేదు, పంటలు పోయెను. అట్టి యేట మోర్ తన నాలుగవ చరణములో, తండ్రి ప్రేమ అంతయు ఆ రాత్రి కుమ్మరింపబడెననియు, యేసు సహోదరుడై లోకమందలి జనములన్నిటిని కౌగిలించెననియు వ్రాసెను. ఏలిక మారినప్పుడెల్ల శత్రువెవడో మరల నేర్చుకొనవలసిన జనులకు ఆ మాట ఎట్లు వినబడియుండును!

మూడవ, అయిదవ చరణములు లేకున్నను పాట నిలుచునని నా తలంపు. వాటి భావము తక్కినవాటిలో కొంత ఉన్నది. నాలుగవది లేనప్పుడు మాత్రము మనకు మిగులునది జోలపాట. జోలపాట మంచిదే, పసిబిడ్డయొద్ద అది తగును. కాని ఆ పాకలోని బిడ్డ ఎవరికి అన్నయో చెప్పు మాట అందులో లేదు. పాడుటకు నిడివి ఎక్కువయని తీసివేసిరేమో. పెండ్లివిందులో పప్పన్నము తీసివేసి తాంబూలముంచినట్లున్నది.

ఆ చరణమును తెలుగున కూర్చగలవారు మీ సంఘములో ఉన్నయెడల, రాగము సిద్ధముగానే యున్నది.