హ్యుయాన్‌త్సాంగు ధాన్యకటక వర్ణనము : ఒక పరిశీలనము

చీనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగు సుమారు క్రీ. శ. 639లో ఆంధ్రదేశమును దర్శించెను. ఆతని 'సి-యు-కి' గ్రంథమందలి ధాన్యకటక వర్ణనమును పరిశోధకులు విశేషముగా నగరస్థాన నిర్ణయమునకే వినియోగించిరి. నగరమునకు తూర్పుకొండపై పూర్వశైల విహారమును, పడమటికొండపై అపరశైల విహారమును కలవని యాతడు వ్రాసెను. ఈ కొండలను బట్టి ఫెర్గుసన్ పండితుడు ఆ నగరము బెజవాడ యనెను. అమరావతీ శాసనములందలి నగరనామము ధరణికోటకే యనుకూలముగా నున్నది. ఈ వివాదమున గ్రంథస్వభావము మఱుగుపడినదని మా యభిప్రాయము.

సి-యు-కి చక్రవర్తి యాజ్ఞచే 646లో కూర్పబడినది. దేశవైశాల్యము, పంటలు, ఆచారములు, విహారసంఖ్య - ఇదియే దాని క్రమము. భిక్షువు హుయిలీ యారంభించిన హ్యుయాన్‌త్సాంగు జీవితచరిత్రము వేఱు తీరుది. తియెన్‌షాన్ శ్రేణిలోని మంచుకొండను దాటుట రెండింటను గలదు. ఆ దారిని ఎఱ్ఱని వస్త్రము ధరించిన నాగము కోపించునని సి-యు-కి చెప్పును. ఏడు దినముల ఆ ప్రయాణమున తోడివారిలో పదుగురకు మువ్వురు నలుగురు చనిపోయిరని జీవితచరిత్రము చెప్పును. ఒకచో కథయైనదే వేఱొకచో మరణసంఖ్య యైనది.

ఈ దృష్టితోనే ధాన్యకటక ఘట్టమును చదువవలెను. విహారములు పెక్కులున్నను వాసమున్నవి ఇరువదియే, భిక్షువులు వేయిమంది, దేవాలయములు నూటికి మించియున్నవి. పూర్వశైల, అపరశైలములందు పర్వతదేవత తోడేలుగను, కోతిగను మాఱి భయపెట్టుటచే నూఱేండ్లుగా భిక్షువులు లేరట! దీనిని కట్టుకథయని త్రోసివేయరాదు. దేవత కల్పితము కావచ్చును, విహారములు పాడువడుట కల్పితము కాదు. అట్లని 'నూఱేండ్లు' అను మాటతో క్షీణకాలమును గణించుటయు తగదు. అది విన్నమాటయే కాని కొలిచినది కాదు.

ఇక మౌనము. సుభూతి, సూర్యుడు అను భిక్షువులకడ ఆతడిచ్చట కొన్ని నెలలు మహాసాంఘికుల అభిధర్మమును చదివెనని జీవితచరిత్రము తెలుపుచున్నది. సి-యు-కిలో ఆ నెలల ప్రసక్తియే లేదు. తన నివాసమునే చెప్పని గ్రంథము చెప్పనిదెల్ల లేదనుట యెట్లు?

చందర్లపాటి కాగ్నేయమున, కృష్ణ కావలియొడ్డున, అమరావతి, వాయవ్యమున జగ్గయ్యపేట. బర్జెసు 1882లో పరిశీలించిన అచ్చటి ధనబోడు స్తూపమునకు, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని యిరువదియవ పాలనవర్షమున, సిద్ధార్థుడను శిల్పి యైదు ఆయక స్తంభముల నొసగెను. లిపినిబట్టి సుమారు ఆఱవ శతాబ్దిదిగా నెంచబడిన వేఱొక శాసనము, చంద్రప్రభుడు బుద్ధప్రతిమను చేయించెనని చెప్పుచున్నది. కాగా యాత్రికుని కాలమునకు కొంచెము పూర్వమువఱకైనను అచ్చట బౌద్ధము జీవించియే యుండెను. సి-యు-కి ఆ స్తూపమును పేర్కొనదు.

కావున పరిశోధకులు యాత్రికుని వాక్యములను చూచినవి, కొలిచినవి, విన్నవి యని వేఱుపఱచి, పిదప శాసనముతో సరిచూడవలెను. నేటి ఎన్.టి.ఆర్. జిల్లాలోని యీ బోడులను కాలినడకను దర్శింపక, కేవలము గ్రంథము ననుసరించి చరిత్ర వ్రాయుట యసమగ్రము.