మఠములో పుట్టిన కాలగణితము

మధ్యయుగపు ఐరోపాలోని క్రైస్తవ మఠములు జ్ఞానదీపములని కొందరు, మూఢవిశ్వాసములకు కోటలని మరికొందరు అందురు. ఈ మాటలలో ఏది ఎంతవరకు నిజమో తెలియుటకు ఒక్క గ్రంథమును పరీక్షించిన చాలును. అది ఇంగ్లండు ఈశాన్య తీరమునందలి జారో మఠములో, బీడ్ అను సన్యాసి క్రీ. శ. 725లో లాటిను భాషయందు రచించిన ‘కాలగణన’.

బీడ్ ఏడవ యేట మఠమున చేరి, 735లో మరణించువరకు ఆ నీడనే జీవించెను. మఠస్థాపకుడైన బెనెడిక్ట్ బిస్కప్ పలుమారులు రోమునకు పోయి గ్రంథములు తెచ్చెను. ఆ గ్రంథాలయమే బీడ్‌కు లోకము. రాజు దానమిచ్చిన భూములు, వానిని సాగుచేసిన రైతుల శ్రమ ఆ విద్యకు ఆధారములు. ఆ మఠమున వ్రాసిన బైబిలు ప్రతి యొకటి నేటికిని ఫ్లోరెన్సు నగరమున కలదు. అందలి చర్మపత్రములు వేయికి పైగా నున్నవి. అన్ని పశువుల చర్మములను సమకూర్చుట సంపన్నమైన సంస్థకే సాధ్యము.

ఈ గ్రంథమునకు ప్రేరణ మతావసరము. ఈస్టరు పండుగను వసంత విషువత్తు తరువాతి పూర్ణిమను బట్టి వచ్చు ఆదివారమున జరుపవలెను. కనుక సూర్యుని సంవత్సరమునకు, చంద్రుని మాసములకు పొత్తు కుదుర్పవలసి వచ్చెను. 19 సౌర సంవత్సరములలో 235 చాంద్రమాసములు ఇముడును. మన పంచాంగములలో 19 ఏండ్లకు ఏడు అధికమాసములు వచ్చుటకును ఈ సంబంధమే కారణము. బీడ్ దీనిని విశదముగా బోధించును. వ్రేళ్లపై లెక్కించు విధానముతో గ్రంథము నారంభించుట మంచి ఉపాధ్యాయుని లక్షణము.

గ్రంథమునందు మిక్కిలి మెచ్చదగినది 29వ అధ్యాయము. చంద్రుని వలెనే సముద్రపు పోటును దినదినము ముప్పాతిక గంటకు కొంచెము మించి ఆలస్యమగునని అందు చెప్పబడినది. సముద్రమంతట ఒకే గడియలో పోటు వచ్చునను భావమును బీడ్ అంగీకరింపడు. తీరమున ఒకచోట నీరు పొంగునపుడే వేరొకచోట తీయుట ఆరంభించునని, ఇది తీరవాసులకు తెలిసిన విషయమని ఆతడు వ్రాసెను. ఇచట పుస్తకముకంటె ప్రత్యక్షమే ప్రమాణమైనది.

దాని వెంటనే వచ్చు 30వ అధ్యాయము వేరు. వసంత విషువత్తు మార్చి 21న వచ్చునని, నీడగడియారము కూడ అట్లే చూపుచున్నదని బీడ్ అనును. వాస్తవమునకు ఆ కాలమున విషువత్తు అంతకు మూడు నాలుగు దినములు ముందే వచ్చుచుండెను. పరికరము మోటుదగుట కొంత కారణము కావచ్చును. కాని ఆ తేదీని మతసంప్రదాయము ముందే నిర్ణయించియుండుట మరువరాదు. పోటు విషయమున ఎట్టి శాసనమును లేదు. అచట కన్ను స్వేచ్ఛగా చూడగలిగెను. విషువత్తు విషయమున చూడవలసినదేదో కన్నునకు ముందే తెలిసియుండెను. ఈ పొరపాటు పెరిగి పెరిగి, 1582లో పోపు 13వ గ్రెగరీ పది దినములను తొలగించినగాని సరిపడలేదు.

మరియొక లోపము భాష. మఠమును పోషించిన రైతునకు లాటిను రాదు. బీడ్ ఇది ఎరుగనివాడు కాడు. అంత్యకాలమున యోహాను సువార్తను ప్రజల భాషలోనికి అనువదించుచుండెనని శిష్యుడొకడు తెలిపెను. కాలగణనకు మాత్రము ఆతని చేతిలో ఆ భాగ్యము కలుగలేదు. అయినను మఠము నుండి మఠమునకు దాని ప్రతులు వ్యాపించెను. క్రీస్తు జననము నుండి సంవత్సరములు లెక్కించు పద్ధతి స్థిరపడుటకు బీడ్ రచనలు ముఖ్యముగా తోడ్పడెను.

మఠము విద్యార్థికి తీరికను, గ్రంథములను, ఒక ప్రశ్నను ఇచ్చెను. కొన్నిచోట్ల సమాధానమును కూడ తానే ఇచ్చెను. ఉపాధ్యాయులు ఈ రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన ఉంచి బోధించినచో, ఒకే మనుష్యుడు ఒకచోట పరిశోధకుడుగను, వేరొకచోట అనుయాయిగను ఎట్లుండునో విద్యార్థులకు తేటపడును.