వెల కట్టడం, విలువ కట్టడం

విమర్శ గ్రంథాలకు మాత్రమే సంబంధించిన పని అని మనలో చాలామంది అనుకుంటారు. నిజానికి అది సామాన్యప్రజలు రోజూ చేసే పనే. నటుణ్ణి గురించి, గాయకుణ్ణి గురించి, ఆటగాణ్ణి గురించి మనుషులు తీర్పులు చెబుతూనే ఉంటారు. ఆ తీర్పుల వెనక కొన్ని కొలతలు ఉంటాయి. అవి ఎక్కడినించి వచ్చాయో అడిగేవాడు మాత్రం అరుదు. ఒక సమాజం మనిషి శ్రమను ఏ రాళ్లతో తూస్తున్నదో తెలుసుకోదలచినవాడు పండితుల వ్యాసాలతోపాటు క్రీడాభిమానుల తగాదాలు కూడా వినాలని నా అభిప్రాయం.

అందుకే ఈ వ్యాసానికి అమెరికాలో చాలా ఏళ్లుగా సాగుతున్న ఒక తగాదాను తీసుకున్నాను. అది న్యూయార్క్ జెయింట్స్ జట్టులో 2004 నుంచి 2019 దాకా క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన ఈలై మానింగ్‌ను గురించినది. ఆ జట్టు పేరుకు న్యూయార్క్‌దేగాని సొంత మైదానం న్యూజెర్సీలో ఉంది. అక్కడ మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు గనక ఈ తగాదా తెలుగు ఇళ్లలో సాగడం కూడా నేను విన్నాను.

ముందు ఆట సంగతి కొంచెం చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఎరిగిన ఫుట్‌బాల్ కాదు. పక్షానికి పదకొండుగురు. బంతి దక్కిన పక్షానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు పోగలిగితే మరి నాలుగు దొరుకుతాయి. దాదాపు ప్రతి ప్రయత్నంలోనూ బంతి మొదట క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. అతను దాన్ని దూరంగా విసరవచ్చు, పక్కవాడికి అందించవచ్చు, తానే పరుగెత్తవచ్చు. ఆలోచనకు అతనికి దొరికేది రెండు మూడు సెకన్లు. అవైనా దొరకడానికి ఐదుగురు భారీకాయులు ముందు నిలబడి ఎదుటివాళ్లను తమ శరీరాలతో ఆపాలి. బంతి ప్రత్యర్థులకు పోయినప్పుడు క్వార్టర్‌బ్యాక్ బయటికి వచ్చి కూర్చుంటాడు. అప్పుడు ఆడేది అదే జట్టులోని వేరే పదకొండుగురు. ఈ రెండు విషయాలూ జ్ఞాపకం పెట్టుకుంటే మిగతాది అర్థం కావడం కష్టం కాదు.

మానింగ్‌ను గురించి వాదించే అభిమానులు రెండు పక్షాలు. ఒకటి ఉంగరాల పక్షం. ఏటా ఆఖరున జరిగే సూపర్ బౌల్ గెలిచినవాళ్లకు ఉంగరాలు చేయిస్తారు. మానింగ్‌కు అవి రెండున్నాయి. 2008 ఫిబ్రవరిలో ఒకటి, 2012 ఫిబ్రవరిలో ఒకటి, రెండుసార్లూ న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ మీద గెలిచినవే. రెండుసార్లూ ఆ ఆటకు ఉత్తమ ఆటగాడు అతనే. ఇంతకన్న ఇంకేం కావాలని వీళ్లు అడుగుతారు.

రెండోది లెక్కల పక్షం. మానింగ్ ఆరంభించిన లీగ్ ఆటల్లో 117 గెలుపులు, 117 ఓటములు. అతను విసిరిన 244 బంతులు ప్రత్యర్థుల చేతుల్లో పడ్డాయి. మూడు సంవత్సరాలు లీగ్ మొత్తంలో ఈ పొరపాటు అందరికన్న ఎక్కువ చేసినవాడు అతనే. ఒక్క 2013లోనే 27 సార్లు చేశాడు. ఇతను సగటు మనిషి, అదృష్టం రెండుసార్లు తలుపు తట్టిందంతే అని వీళ్ల తీర్పు.

ఈ రెండు పక్షాలూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటికీ పునాది ఒకటే: జట్టు గెలుపోటములు ఒక మనిషి ఖాతాలో రాయవచ్చునన్న నమ్మకం. మొదటి పక్షం జమ చూపిస్తుంది, రెండో పక్షం ఖర్చు చూపిస్తుంది. ఖాతా ఎవరి పేరున ఉండాలన్న ప్రశ్న ఇద్దరూ వెయ్యరు.

2008 నాటి ఆటనే చూద్దాం. పేట్రియట్స్ అప్పటికి 18 ఆటలు ఆడి ఒక్కటీ ఓడలేదు. లీగ్ దశలో 589 పాయింట్లు చేసి అప్పటికి కొత్త రికార్డు నెలకొల్పారు. అటువంటి జట్టును జెయింట్స్ 14 పాయింట్ల దగ్గర నిలిపి, 17 పాయింట్లతో గెలిచారు. ఆ నిలిపినవాళ్లు ఎవరు? మైకేల్ స్ట్రహాన్, జస్టిన్ టక్, ఓసీ ఉమెన్యోరా మొదలైనవాళ్లు. ఎదుటి క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీని వాళ్లు ఐదుసార్లు నేల కరిపించారు. ఆ సమయంలో మానింగ్ బయట కూర్చుని ఉన్నాడు.

ఆఖరి నిమిషాల్లో మానింగ్ విసిరిన ఒక బంతి పేట్రియట్స్ ఆటగాడు అసాంటే సామ్యుయెల్ చేతులకు తగిలి జారిపోయింది. అతను దాన్ని పట్టి ఉంటే ఆట అక్కడితో సరి. ఆ వెంటనే మానింగ్ చొక్కా పట్టుకున్నవాళ్లను విదిలించుకుని మరో బంతి విసిరాడు. డేవిడ్ టైరీ గాలిలోకి ఎగిరి దాన్ని తన హెల్మెట్‌కు అదిమిపట్టుకున్నాడు. 32 గజాలు వచ్చాయి. ఆట 35 సెకన్లలో ముగుస్తుందనగా ప్లాక్సికో బర్రెస్ గెలుపు బంతి అందుకున్నాడు. టైరీ వృత్తిజీవితంలో లెక్కకెక్కిన ఆఖరి బంతి అదే. ఆ తరవాత లీగ్ ఆటల్లో అతను మరొక బంతి పట్టలేదు. ఈ గెలుపును పంచితే టైరీకి ఎంత? జారవిడిచిన సామ్యుయెల్ చేతులకు ఎంత?

ఇంకొకటి. ఆ రోజు మానింగ్ ముందు నిలబడిన ఐదుగురు డేవిడ్ డీల్, రిచ్ సూబర్ట్, షాన్ ఒహారా, క్రిస్ స్నీ, కరీమ్ మెకెంజీ. ఇరవై ఏళ్లుగా ఈ విషయం వాదిస్తున్న మనిషిని ఆపి ఈ ఐదు పేర్లూ చెప్పమనండి, ఎంతమంది చెప్పగలరో తెలుస్తుంది. ఆట మర్నాడు పత్రికల్లో వచ్చే అంకెల పట్టికలో బంతి విసిరినవాడికి అంకె ఉంటుంది, పట్టినవాడికి ఉంటుంది, పరుగెత్తినవాడికి ఉంటుంది. అడ్డుగోడగా నిలబడి దెబ్బలు తిన్నవాళ్లకు ఉండదు. ఏ శ్రమ అంకెగా మారదో ఆ శ్రమ లేనట్టే లెక్క. ఇది ఫుట్‌బాల్‌లో మాత్రమే ఉన్న అన్యాయం కాదని పాఠకులకు నేను చెప్పనవసరం లేదు.

లెక్కల పక్షం చూపే 117–117 అనే అంకెను కొంచెం విప్పి చూద్దాం. 2012 చివరి దాకా మానింగ్ లెక్క 78 గెలుపులు, 57 ఓటములు. ఆ తరవాత ఏడేళ్లలో 39 గెలుపులు, 60 ఓటములు. మనిషి పెద్దవాడయ్యాడు, నిజమే. కాని అతని చుట్టూ ఉన్న జట్టు కూడా శిథిలమైంది. 2017 అక్టోబరులో ఒక్క ఆటలోనే బంతులు అందుకునే నలుగురు గాయపడ్డారు. ఓడెల్ బెక్‌హమ్ చీలమండ విరిగింది. ఆ ఏడు జెయింట్స్ మూడు ఆటలు గెలిచి పదమూడు ఓడారు. అభిమానులు మాత్రం మానింగ్ 'లెగసీ' తరిగిపోతున్నదని దుఃఖపడ్డారు. లెగసీ అంటే వారసత్వపు ఆస్తి. ఆస్తి అన్న తరవాత అది పెరగాలి, తరగాలి, ఒకనాటి నష్టం వెనకటి లాభాన్ని మింగాలి. కాని చేసిన పని ఆస్తివంటిది కాదు. 2008లో జరిగింది 2017 ఓటములవల్ల జరగనిది అయిపోదు.

ఇక 'విలువ' సంగతి. తెలుగులో మనకు రెండు మాటలున్నాయి: వెల, విలువ. వెల అంగట్లో తేలేది. విలువ మనిషి చేసిన పనిని, ఆ పని జరిగిన పరిస్థితులను కలిపి చూస్తే తేలేది. అమెరికన్ అభిమాని రెండో మాట పలుకుతూ మొదటిది చూస్తున్నాడు. దీనికొక కారణం ఉంది. 1994 నుంచి ఆ లీగ్‌లో ఒక్కొక్క జట్టు జీతాలకు ఇంతకు మించి ఖర్చు పెట్టరాదని పరిమితి నడుస్తున్నది. 2017లో అది 16 కోట్ల 70 లక్షల డాలర్లు. ఒకడికి ఎక్కువ ఇస్తే మిగతావాళ్లకు తక్కువ మిగులుతుంది. అంచేత అభిమాని ఆట చూస్తూ మనసులో జమాఖర్చు వేస్తాడు: ఇతని జీతానికి ఇంకో ఇద్దరు వస్తారు గదా, ఇతన్ని ఎందుకు మొయ్యాలి? జట్టు యజమాని లాభం ఎంత అని అడగడు. ఆ లాభంలో వాటా లేనివాడు యజమాని గుమాస్తా పని జీతం లేకుండా చేస్తున్నాడు. 1987లో ఆటగాళ్లు సమ్మె చేస్తే యజమానులు బదులు మనుషులను దింపి మూడు వారాలపాటు ఆటలు సాగించారు. ఆ ఆటలకు కూడా టిక్కెట్లు అమ్మారు.

మానింగ్‌ను చూసి జాలిపడమని నేను చెప్పడం లేదు. అతను వృత్తిలో సంపాదించినది 25 కోట్ల డాలర్లకు పైన. కాని ఆటగాళ్ల సంఘం లెక్క ప్రకారం ఆ లీగ్‌లో ఆటగాడు నిలిచేది సగటున మూడేళ్ల పైచిలుకే. మానింగ్ మీద వేసే లెక్కనే వాళ్ల మీద కూడా వేస్తారు. వాళ్ల దగ్గర 25 కోట్లు లేవు.

అయినా అభిమానుల బుద్ధి అంతా గుమాస్తా బుద్ధి కాదని 2017 నవంబరులో తేలింది. అప్పటికి మానింగ్ వరసగా 210 లీగ్ ఆటలు ఆరంభించి ఉన్నాడు. కోచ్ బెన్ మెకడూ అతన్ని పక్కనపెట్టి జీనో స్మిత్‌ను దింపుతానన్నాడు. కావాలంటే ఆట నువ్వే ఆరంభించు, నీ వరస తెగకుండా ఉంటుంది, తరవాత మారుస్తాను అని కూడా చెప్పాడు. అంకె నిలబెట్టుకోవడానికి ఆడటం మానింగ్‌కు ఇష్టం లేకపోయింది, ఒప్పుకోలేదు. నిన్నటిదాకా ఇతన్ని తీసెయ్యమన్న అభిమానులే కోచ్ మీద మండిపడ్డారు. వారం తిరగకముందే కోచ్, జనరల్ మేనేజర్ జెరీ రీస్ ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అభిమానులకు తమ జమాఖర్చులో పట్టనిది ఒకటి ఉందని ఆ రోజు తోచింది. పదమూడేళ్లు రోజూ పనికి వచ్చిన మనిషిని పంపే తీరు ఇది కాదనుకున్నారు. ఈ భావం గొప్పది.

కాని ఆ గొప్ప భావంలోనూ ఒక గుడ్డితనం ఉంది. ఆ లీగ్‌లో జట్లు 32. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్ ఆట ఆరంభించడం ముప్పయ్యొక్క జట్లలో అప్పటికే జరిగింది. జెయింట్స్ చరిత్రలో మొదటిసారిగా అది 2017 డిసెంబరు 3న జరిగింది, ఆ మనిషే జీనో స్మిత్. ఆనాటి కోపంలో స్మిత్ పేరు మానింగ్‌కు జరిగిన అవమానానికి కొలతగా మాత్రమే వినబడింది. వీణ్ణి పెట్టడానికా అతన్ని తీసింది అన్నారు. ఆ ఒక్క ఆటతో స్మిత్‌కు జెయింట్స్‌లో అవకాశం అయిపోయింది. ఏళ్ల తరబడి బదులు ఆటగాడుగా కూర్చున్న ఆ స్మిత్ 2022లో సియాటిల్ జట్టుకు ఆడి, విసిరిన బంతుల్లో నూటికి 69.8 సొంత జట్టుకు చేర్చి, ఆ లెక్కలో లీగ్‌కే మొదటివాడయ్యాడు. 2017లో అతనికి కట్టిన వెల ఎంత, నిజంగా ఉన్న విలువ ఎంత? ఒకరి శ్రమను గౌరవించడానికి మరొకరిని తృణీకరించవలసి వస్తే ఆ గౌరవంలో లోపం ఉంది.

మరి వ్యక్తికి ఏమీ లేదా, అంతా జట్టుదేనా అని పాఠకులు అడగవచ్చు. నేను అలా అనను. 2011లో మానింగ్ 4,933 గజాలు విసిరాడు. ఆట నాలుగో భాగంలో, అంటే అందరూ అలిసిపోయే వేళ, 15 టచ్‌డౌన్లు విసిరి లీగ్‌లో కొత్త రికార్డు పెట్టాడు. 2012 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోలో అతన్ని ఆరుసార్లు పడగొట్టారు. ఆరుసార్లూ లేచాడు, మొత్తం 58 బంతులు విసిరాడు, జట్టు అదనపు సమయంలో గెలిచింది. అతని విలువ ఇక్కడ ఉంది. మహాప్రతిభ అని నేను అనలేను. దెబ్బ తిన్నాక కూడా మిగతా పదిమందికి తమ పని వృథా కాలేదనిపించగల నిబ్బరం అతనిలో ఉంది. ఉంగరాల పక్షం ఈ నిబ్బరాన్ని బంగారంగా మార్చి చూస్తుంది, లెక్కల పక్షం అసలు చూడదు.

2025లో మానింగ్ పేరు మొదటిసారి ఆ క్రీడ గౌరవమందిరం ఎన్నికకు వచ్చింది. ఆఖరి జాబితాలో నిలిచినా ఎన్నిక కాలేదు. రెండు పక్షాలూ పాత వాదాలే మళ్లీ ఎత్తుకున్నాయి. ఆ ద్వారం తెరవాలో మూయాలో చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయలేదు. తీర్పు చెప్పేవాళ్లు ముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఈ పనిలో ఎవరెవరి చెయ్యి ఉంది? ఏ పరిస్థితుల్లో జరిగింది? మనం కడుతున్నది వెలా, విలువా? ఇవి మానింగ్‌కు వర్తించినట్టే మన కవులకూ, నటులకూ, ఫాక్టరీనుంచి వయసు మీరిందని పంపబడే మనిషికీ వర్తిస్తాయి. వీటికి జవాబు చెప్పని తీర్పును, అది ఎంత అంకెలతో వచ్చినా సరే, విమర్శగా నేను ఒప్పుకోను.