పాతకారు తీగలు: ఉంచవలెనా, మార్చవలెనా?

1948లో లండను నగరపు ఎర్ల్స్‌కోర్టు ప్రదర్శనలో తొలిసారి కనిపించిన మోరిస్ మైనరు వంటి బ్రిటిషు కారును పునరుద్ధరింప బూనినవాడు ఇంజను విప్పుటకు జంకడు, తుప్పుపట్టిన రేకు కోసి అతుకుటకు వెనుదీయడు. కాని డ్యాష్‌బోర్డు వెనుక చేయి పెట్టి, నూలు అల్లిక తొడిగిన తీగలకట్టను తాకినంతనే సందేహమున పడును. పాతది గనుక పవిత్రమనువారును, పాతది గనుక ప్రమాదమనువారును వెంటనే తీర్పు చెప్పుదురు. ఆ ఇరువురును తీగను వంచి చూడనివారే యని నా అభిప్రాయము.

ఆనాటి తీగలో రాగిపోగులపై రబ్బరును, దానిపై రంగునూలు అల్లికయు నుండును. వేడిమియు, నూనెయు, గాలిలోని ఓజోనును ఏండ్ల తరబడి సోకగా, పైని అల్లిక చెక్కుచెదరకున్నను లోని రబ్బరు పెళుసెక్కును. కావున హెడ్‌లైటు గిన్నెలోను, ఇంజను చెంతను అల్లికను అంగుళము మేర వెనుకకు మడిచి తీగను మెల్లగా వంచవలెను. రబ్బరు పెటిలి రాలినచో ఇక వాదమక్కరలేదు. అదే కట్టలో వెనుక దీపములకు పోవు భాగము, వేడి సోకనందున, మెత్తగా నిలిచియుండుటయు కలదు. తొడుగు బాగున్నంత మాత్రమున రాగి బాగున్నదని నమ్మరాదు. 14 పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినను, మీటరు ఆ తీగ తెగలేదనియే చూపును. దీపము వెలుగుచుండగా తీగ రెండు కొనలమధ్య ఎన్ని వోల్టులు పడిపోవుచున్నవో కొలిచిననే నిజము బయటపడును. అన్నట్లు, తీగపై మోపు నేరములలో సగము ఎర్తువే: బాడీకి బిగించినచోట తుప్పు గీకినచో మసక దీపము తేటపడును.

12 వోల్టులు మనిషికి షాకు కొట్టవు గనుక వానిని చులకనగా చూచుట పరిపాటి. కాని షార్టయినప్పుడు ఆ బ్యాటరీయే వందల ఆంపియర్లు క్రుమ్మరించి తీగను ఎఱ్ఱగా కాల్చును. కారు విద్యుత్పరికరములు చేయు లూకాస్ సంస్థవారి ఆనాటి పద్ధతిలో సాధారణముగా ఫ్యూజులు రెండే. హారను, వైపరు వంటివి వాని రక్షణలో నుండగా, బ్యాటరీనుండి వచ్చు గోధుమరంగు తీగకును, హెడ్‌లైట్ల నీలిరంగు తీగలకును ఫ్యూజే లేదు. రబ్బరు బీటవారినచో ఈ రెంటిని మాత్రము ఉపేక్షింపరాదు.

అట్లని పాతకట్టను పెరికి పారవేయుట అవివేకము. దాని విలువ రాగిలో లేదు, ఏ తీగ ఎచట చీలి ఎచటికి పోవునో నిర్ణయించిన కూర్పులోను, తెలుపు ఇగ్నిషనుకు, ఎఱుపు చిన్నదీపములకు, నలుపు ఎర్తుకు అను రంగుల నియమములోను ఉన్నది. మోరిస్ ఆక్స్‌ఫర్డునుండి పుట్టిన మన అంబాసిడరులలో, చేతికందిన రంగుతీగతో అతుకువేసి టేపు చుట్టిన మరమ్మతులను విప్పినవారికి ఈ నియమము ఎంతటి ఉపకారియో చెప్పనక్కరలేదు. నేర్పరియైన పనివాడు ప్రతి కొనకు చీటికట్టి, కట్టను చెదరకుండ దించి, చెక్కపలకపై పరచి, మలుపు మలుపునను మేకుకొట్టి, ఆ మేకులవెంటనే క్రొత్తకట్టను కూర్చును. లోపల పీవీసీ, వెలుపల పాతరంగుల నూలల్లిక గల తీగ నేడు దొరకుచున్నది. దానితోబాటు హెడ్‌లైట్లకు ఒక ఫ్యూజును కంటికి కనబడనిచోట చేర్చుటలో దోషమేమియు లేదు. క్రొత్తకట్టపై ప్రతి దీపము వెలిగి, హారను మ్రోగువరకు పాతకట్టను మేకులనుండి తీయరాదు.