‘బాయి దిగుడు’: గని కథనంలో అవరోహణ పదాలు

బొగ్గుగని నేపథ్యంగా వెలువడే తెలుగు కథల్లోనూ కవితల్లోనూ కార్మికుడు భూమిలోకి దిగే ఘట్టం దాదాపు తప్పనిసరి. ఆ ఘట్టానికి ఎంపికయ్యే వర్ణనపదాలు మాత్రం తరచుగా ఒక చిన్న వర్తులంలోనే తిరుగుతుంటాయి: చిమ్మచీకటి, పాతాళం, నరకకూపం, మృత్యుకుహరం. వీటిలో తీవ్రత ఉంది, దిగుతున్న మనిషి లేడు. అతడు నడిచి దిగుతున్నాడా, కూర్చొని దిగుతున్నాడా, యంత్రం దింపుతున్నదా అన్నది పాఠకునికి అందదు. అవరోహణకు ప్రాణం పోసే శక్తి విశేషణంలో కంటె క్రియలోనూ విభక్తిలోనూ స్థలవాచకంలోనూ ఎక్కువగా ఉన్నదని సింగరేణి పలుకుబడి ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

‘పాతాళం’ అన్న మాటనే ముందుగా చూడవచ్చు. భాగవత పంచమస్కంధం అతలం మొదలు పాతాళం వరకు గల ఏడు అధోలోకాలను బిలస్వర్గాలుగా వర్ణిస్తుంది. అక్కడ సూర్యరశ్మి లేకున్నా నాగమణుల కాంతి ఉంది. భోగభాగ్యాలకు కొదువ లేదు. నరకాల వర్ణన వేరు. ఆధునిక రచన ఈ రెంటినీ కలిపివేసి, పాతాళాన్ని కేవలం చీకటికి పర్యాయపదంగా మార్చింది. పురాణం చేసిన తేడాను విడిచిపెట్టి దాని గాంభీర్యాన్ని మాత్రం అరువు తెచ్చుకున్న ప్రయోగమిది.

ప్రాచీనకవులు అవరోహణను చిత్రించిన తీరు ఇంతకంటె పొదుపైనది. గజేంద్రమోక్షంలో విష్ణువు వైకుంఠం నుండి కదలివచ్చే ప్రసిద్ధ పద్యంలో పోతన వేగవాచకాలను గుప్పించలేదు. స్వామి ఎవరికి చెప్పలేదో, ఏది చేపట్టలేదో, దేనిని సవరించుకోలేదో వరుసగా చెప్పాడు. వ్యతిరేక క్రియల పరంపరే ఆతురతగా మారింది. భర్తృహరి శ్లోకాన్ని తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి గంగాపతనాన్ని నిలిపిన తీరు మరొకటి. ఆకాశం, శివుని శిరస్సు, హిమాద్రి, భూమి, సముద్రం, పాతాళం అంటూ ఒక్కొక్క నెలవును పంచమీ విభక్తితో దాటిస్తూ పోతాడు. గంగ ఎంత ఉధృతంగా పడిందో ఆయన చెప్పనక్కరలేదు. ‘నుండి’ అన్న ప్రత్యయం ఆ పని చేస్తుంది. వివేకభ్రష్టుల పతనానికి గంగ దృష్టాంతం కావడం వల్ల దిగే ప్రతి మెట్టూ నైతిక పతనానికి గుర్తయింది. ‘దిగజారు’ అన్న నేటి తెలుగు క్రియలోనూ ఈ భావమే ఉంది.

గని కార్మికుని దిగుడు అటువంటిది కాదు. రామగుండం, గోదావరిఖని, సెంటినరీ కాలనీ ప్రాంతాల వాడుకలో గని అంటే ‘బాయి’. ‘బాయి దిగిండు’ అన్న మాటకు భూమిలోకి పోయాడని ఎంత అర్థమో, పనిలో చేరాడని అంతే అర్థం. ‘రంగంలోకి దిగు’, ‘బరిలోకి దిగు’ అన్న ప్రయోగాల్లోని పూనిక ఇక్కడ అక్షరార్థంతో కలిసిపోయింది. ‘దిగుబడి’లోని ‘దిగు’ కూడా నష్టాన్ని కాక చేతికందిన ఫలాన్నే చెబుతుంది. మరింత ఆసక్తికరమైనది ‘డ్యూటీ దిగు’ అన్న ప్రయోగం. బాయి దిగినవాడు డ్యూటీ ఎక్కినట్లు; బాయి ఎక్కి వెలుగులోకి వచ్చినవాడు డ్యూటీ దిగినట్లు. శరీరం పోయే దిక్కూ భాష పోయే దిక్కూ ఎదురెదురుగా నడుస్తాయి. రోజూ రెండుసార్లు జరిగే ఈ తారుమారును ఏ విశేషణమూ పట్టలేదు. మృత్యుకుహరం అన్న సమాసం అసలే పట్టలేదు, ఎందుకంటే తిరిగి రావడం అన్న ఊహ దానిలో లేదు.

దిగే సాధనాన్ని బట్టి క్రియ మారవలసి ఉంటుంది. నిలువు గనిలో కేజి మనిషిని దించుతుంది. అతడు కర్మస్థానంలో నిలబడి ఉంటాడు. ఏటవాలు ఇంక్లైన్‌లో నడిచి దిగేవాడే కర్త. బరువు మోకాళ్ల మీద పడుతుంది, బూట్లలో కాలివేళ్లు ముందుకు తన్నుకుంటాయి. షిఫ్టు ముగిశాక అలసిన ఒంటితో ఇదే వాలు ఎక్కవలసి ఉందన్న ఎరుక ప్రతి అడుగులోనూ ఉంటుంది. ‘పాతాళపు చీకట్లలోకి దిగాడు’ అన్న వాక్యాన్నీ, ‘రెండో లెవల్ దాటేసరికి వేళ్లు బూటును తన్నసాగాయి’ అన్న వాక్యాన్నీ పక్కపక్కన పెడితే రెండోదానిలో లోతు తెలుస్తుంది. ‘లెవల్’, ‘డిప్పు’, ‘రైజు’ వంటి గనిమాటలు లక్ష్మణకవి నెలవుల వరుసకు సాటిరాగల స్థలవాచకాలు. వాటిని పరభాషాపదాలని వదలుకుంటే రచయితకు మిగిలేది చీకటి ఒక్కటే.

మింగే మృగంగా గనిని చూపే ఉపమానానికి ఎమిల్ జోలా ‘జెర్మినల్’ (1885) ప్రసిద్ధ ఉదాహరణ. అయితే అక్కడ గనిని మొదట అలా చూసేవాడు పని వెదుకుతూ అప్పుడే వచ్చిన ఎతియెన్. కొత్తవాని భయానికి ఆ ఉపమానం తగినది. దానినే ఇరవై ఏళ్లుగా బాయి దిగుతున్నవాని చూపుగా రాసినప్పుడు పాత్ర పోయి రచయిత మిగులుతాడు. కార్మికునికి భయం లేదని దీని అర్థం కాదు. అతని భయానికి వేరే క్రియలున్నాయి: కప్పు కూలడం, బండ పడటం, నీరు చొరబడటం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీరు చొచ్చుకువచ్చి 17 మంది మరణించారు. మనిషికి దారైన వాలు నీటికీ దారే. ‘కూలు’, ‘పడు’, ‘విరుచుకుపడు’ వంటి మాటలను రోజువారీ దిగుడు మీద ఖర్చుచేసిన కథకు, నిజంగా కప్పు కూలిన రోజున చెప్పడానికి మాట ఉండదు.

గనిపైన నేల కదలికకు ‘కుంగు’ ఉంది. బొగ్గు తీసిన ఖాళీ మీద నేల కుంగుతుంది. ఆ నేలను సాగుచేసినవాడూ కుంగుతాడు. ఒకే క్రియ రెంటికీ చెల్లడం తెలుగుకు దక్కిన సౌలభ్యం. దీనిని గుర్తించిన రచయితకు వేరే అలంకారం అవసరం లేదు.

సెంటినరీ కాలనీ పరిసరాల్లో నేడు అడ్రియాల లాంగ్‌వాల్ వంటి భూగర్భగని పక్కనే ఓపెన్‌కాస్టు గనులూ ఉన్నాయి. ఓపెన్‌కాస్టులో కప్పు లేదు, తల మీద ఆకాశం ఉంటుంది. డంపర్ వంపులు తిరిగే దారిలో, మెట్లుమెట్లుగా తవ్విన బెంచీల మీదుగా, ఎండలోనే అడుగుకు చేరుతుంది. చీకటి, కుహరం, బిలం అన్న మాటలేవీ ఇక్కడ అతకవు. దిగుతున్నవాని పక్కన మట్టిగుట్టలు పైకి లేస్తుంటాయి కనుక, లోతును ఎత్తుతో కొలవవలసిన స్థితి ఏర్పడింది. ‘బాయి దిగుడు’ అన్న మాట ఈ వెలుతురు గోతికి ఎంతవరకు చెల్లుతుందో, దాని స్థానంలో డంపర్ నడిపేవారి నోట ఏ క్రియ స్థిరపడుతున్నదో క్షేత్రస్థాయిలో సేకరించవలసి ఉంది.