ఘాటంతా అల్లానిదే

1940 దశకం మొదట్లో అమెరికాలో ఇద్దరు వ్యాపారులది ఒకటే బెంగ, సరుకు కదలడం లేదని. జాన్ మార్టిన్ చేతిలో స్మిర్నాఫ్ వోడ్కా హక్కులున్నాయి; విస్కీకి అలవాటుపడ్డ జనం దాన్ని ముట్టడం లేదు. లాస్ ఏంజెలెస్‌లో ‘కాక్ అండ్ బుల్’ అనే పబ్ నడిపే జాక్ మోర్గాన్ సొంతంగా జింజర్ బీర్ తెచ్చాడు. దాన్నీ అడిగే నాథుడు లేడు. రెండూ కలిపి నిమ్మకాయ పిండితే మాస్కో మ్యూల్ అనే కాక్‌టెయిల్ అయింది. అది తన చేతి చలవేనని అక్కడి బార్‌మన్ వెస్ ప్రైస్ చెప్పుకున్నాడు. కింద గదిలో పేరుకుపోయిన సీసాలు వదిలించుకోవడానికే కలిపాడట. ఈ రెండో కథే నమ్మబుద్ధేస్తుంది.

జింజర్ బీర్ మాత్రం అంతకు చాలా ముందుది. 18వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో అల్లం, పంచదార, నీళ్లు కలిపి పులియబెట్టేవాళ్లు. తోడుకి వేసేదాన్ని ‘జింజర్ బీర్ ప్లాంట్’ అనేవారు. ఉడికిన సగ్గుబియ్యంలా ఉండే ఆ ముద్ద మొక్క కాదనీ, ఈస్టూ బ్యాక్టీరియా కలిసి కాపురం చేసే గుంపనీ హ్యారీ మార్షల్ వార్డ్ 1892లో తేల్చాడు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే సీసాల్లో చాలావరకు ఆ తతంగం లేదు. అల్లం సారానికి గ్యాస్ ఎక్కిస్తారు, అంతే, మత్తు ఉండదు. జింజర్ ఏల్ వేరే సరుకు. తేటగా, మెత్తగా ఉంటుంది. మ్యూల్‌లో దాన్ని పోస్తే చప్పబడిపోతుంది.

జింజర్ బీర్ ఘాటుకి మూలం పచ్చి అల్లంలోని జింజరాల్. అల్లం ఎండితే అందులో కొంత షోగాల్‌గా మారి ఇంకా మండుతుంది. శ్రీరామనవమి పానకంలో శొంఠి గొంతు పట్టేది అందుకే. ఈ పదార్థాలు నాలుక మీద వేడిని పసిగట్టే నరాలను రేపుతాయి. మద్యం మంట తగిలేదీ ఆ నరాలకే. అందుకే వోడ్కా తీసేసినా జింజర్ బీర్ గ్లాసు వెలితిగా అనిపించదు. పళ్లరసం, సోడా కలిపిన మాక్‌టెయిల్ చాలాసార్లు పిల్లల పానీయంలా తేలిపోతుంది. ఇది పెద్దవాళ్ల నోటికి ఆనుతుంది.

కలపడంలో పెద్ద విద్యేం లేదు కానీ వరస తప్పకూడదు. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం లెక్క ప్రకారం మ్యూల్‌కి వోడ్కా 45 మిల్లీలీటర్లు, జింజర్ బీర్ 120, అప్పుడే పిండిన నిమ్మరసం 10. ముందు నిండుగా ఐసు, దాని మీద వోడ్కా, నిమ్మరసం. జింజర్ బీర్ ఆఖరున, గ్లాసు వంచి అంచు వెంబడి నెమ్మదిగా పోయాలి. స్పూను అడుగుదాకా దించి ఒక్కసారి పైకి లేపితే చాలు. గిరగిరా తిప్పితే గ్యాసంతా పోతుంది. షేకర్‌లో పోస్తే ఇంకేముంది, మూత ఎగిరిపోతుంది. సీసా ముందే ఫ్రిజ్‌లో పెట్టాలి. చల్లటి ద్రవమే గ్యాసును పట్టి ఉంచుతుంది. అడుగున మడ్డి కనిపిస్తే మూత తీసేముందు సీసాను మెల్లగా తలకిందులు చేయాలి, ఊపకూడదు.

బెర్ముడాలో ఈ వరస తిరగబడుతుంది. డార్క్ అండ్ స్టార్మీకి ఐసు మీద ముందు జింజర్ బీర్ పోసి, పైన నల్లటి రమ్ము తేలుస్తారు. పంచదార కలిసిన జింజర్ బీర్ రమ్ము కంటే బరువు కాబట్టి ఆ నలుపు కాసేపు పైనే నిలిచి, తర్వాత మబ్బులా కిందికి జారుతుంది. పేరు మీద ట్రేడ్‌మార్క్ గోస్లింగ్స్ కంపెనీది.

హాంకాంగ్‌లో ‘గన్నర్’ ఉంది: జింజర్ బీర్, జింజర్ ఏల్ సమపాళ్లలో, నిమ్మరసం, పైన నాలుగు చుక్కలు అంగస్తూరా బిటర్స్. మాక్‌టెయిల్ లెక్కలోనే వేస్తారు గానీ, ఆ బిటర్స్‌లో 44.7 శాతం మద్యం ఉంటుంది. మద్యం అసలు ముట్టనివాళ్లు బిటర్స్ వద్దని ముందే చెప్పాలి.

ఇక మ్యూల్‌తో పాటు వచ్చే రాగి మగ్గు. చేతికి చల్లగా తగులుతుంది, ఫొటోలో మెరుస్తుంది. కానీ పులుపు రాగిని కరిగిస్తుంది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాచకూడదని మన ఇళ్లలో తెలిసిందే. అమెరికాలో అయోవా రాష్ట్రం కూడా 2017లో ఈ మగ్గుల గురించి హెచ్చరించింది. కొనేవాళ్లు లోపల స్టీలో నికెలో పూత ఉన్నది చూసుకోవాలి. లేదంటే మామూలు గాజు గ్లాసే నయం.